పసుపు కడిగితేనే బేరం

బారువ ఒడ్డు, పొద్దున పూట. ఇసుక మీదికి లాగి పెట్టిన ఫైబర్ బోటు పక్కన సన్యాసయ్య, అతని భార్య నూకాలమ్మ. కొనడానికి వచ్చినవాళ్లు దూరంగా టీ బడ్డీ దగ్గర కూర్చుని ఇటే చూస్తున్నారు.

"కడగను."

"కడగవా?"

"కడగనంతే కడగను. ఎన్నిసార్లు సెప్పాలే నూకాలూ?"

"గట్టిగా అరవకు మావా, ఆల్లు సూత్తన్నారు. బేరం కుదిరిపోయినాక ఇప్పుడు ఎదురు తిరిగితే ఆ భావనపాడు జానకిరాము ఏటనుకుంతాడు?"

"బేరం ఎవులు కుదిర్సినారు? నానా? నువ్వూ నీ తమ్ముడూ కుదుర్సుకున్నారు. నాను పలాసలో సెయ్యికి సూదులెట్టించుకుని మంచం మీద పడుంతే, మీరిక్కడ నా బోటుకి బేరమెట్టినారు."

"నీ కోసమే గదా పెట్టినాము."

"నన్నడిగినారా?"

"అడిగితే ఏటంతావో తెలుసు గనకే అడగనేదు. ఇదిగో బకెట్టు. సముద్రం నీల్లు నానే తెచ్చినాను. ఆ బోటు మొగం మీద పసుపూ బొట్టూ ఒక్కసారి సెయ్యెట్టి కడిగీ. అంతే. మిగతాది ఆల్లు సూసుకుంతారు."

"అంతే అంట! నా సేత్తో అమ్మోరి పసుపు కడిగీసినాక ఇది నా బోటు కాదు. కడక్కపోతే ఏ మగోడూ దీన్ని నీల్లల్లోకి తొయ్యడు. డబ్బులిచ్చేసినా తొయ్యడు. ఆ సంగతి జానకిరాముకీ తెలుసు. అందుకే అక్కడ కూకుని టీ మీద టీ తాగుతన్నాడు."

"నాకూ తెలుసు. అందుకే నీ కాల్లు పట్టుకుంతన్నాను."

"ఒదులు. ఒదులే! ఒడ్డు మీద అందరూ ఉన్నారు."

"ఉండనీ. సిగ్గెందుకు నాకు? విశాకపట్నం పెద్ద డాక్టరు నీ ముందరే గదా అన్నాడు. కిడ్నీ మార్సితే మనిషి నిలబడతాడన్నాడు. మార్సకపోతే..."

"మార్సకపోతే?"

"ఏటో అన్నాడు. నా నోటితో నాననను."

"పోతాడన్నాడు. అను, పర్నేదు. పలాసలో మా వార్డులో ఉన్నోల్లందరికీ తెలుసు. మంచాలు ఖాలీ అవ్వవే నూకాలూ, మనుసులు మారతారు. మొన్న పక్క మంచం మీద ఒకడు నాతో సేపల రేటు గురించి మాటాడినాడు. మల్లీ ఎల్లేసరికి ఆ మంచం మీద ఇంకొకడున్నాడు. ఆడేడని నానడగనేదు. ఎవులూ సెప్పనూ నేదు."

"అందుకేనా మానీసినావు? బుదవారం పలాస ఎల్లనేదు. నిన్ననూ ఎల్లనేదు. ఒల్లు ఉబ్బిపోతంది నీకు. రాత్రి దిండు మీద తల పెట్టలేక కూకుని ఊపిరి తీసినావు. నాను పడుకున్నాననుకున్నావు గానీ, పడుకోనేదు."

"అలిసిపోనాను."

"అలిసిపోతే ఆగుతారేటి?"

"ఆగుతారు. పొద్దున్నే లేసి ఆటో ఎక్కీడం, పలాస ఎల్లీడం, సగం రోజు ఆ రగతం కడిగీ మిషనుకి కట్టీసి పడుండడం. ఇంటికొచ్చి కక్కుకోడం. మర్నాడంతా సచ్చినోడిలాగ పడుకోడం. కొంచెం లేసి కూకునేసరికి మల్లీ ఆటో ఒచ్చీత్తాది. ఇది బతుకేటి? దాహమేత్తే గుక్కెడు నీల్లకి భయం. సుట్టూ కొబ్బరి సెట్లే, ఒక్క బోండాం తాగకూడదు. సేప తినకూడదు. ఉప్పు తినకూడదు. ఇవన్నీ మానీసి నాను బతికేది దేనికే?"

"మా కోసానికి మావా. నీకు బతుకు మీద ఇష్టం నేకపోతే పోనీ. నాకోసం, మన గుంట కుసుమ కోసం బతుకు. కిడ్నీ మార్సితే ఈ ఆటోలుండవు, సూదులుండవు. నీల్లు తాగొచ్చు. కడుపు నిండా తాగొచ్చన్నాడు డాక్టరు."

"జలంత్రకోట కృష్ణారావు గారు గుర్తున్నాడా నీకు?"

"ఇప్పుడాయనెందుకు?"

"గుర్తున్నాడా, నేదా?"

"ఉన్నాడు. మన సేపలు ఆల్లింటికే గదా ఇచ్చీవోలము."

"అంత పెద్ద రైతు. కొబ్బరి తోటుంది, జీడి తోటుంది, ఊల్లో మాట సెల్లుతాది. తోట అమ్మీసి కిడ్నీ మార్పించుకున్నాడు. నిలిసిందేటి? కొన్నాల్లు బాగానే తిరిగినాడు. మల్లీ మా వార్డుకే ఒచ్చినాడు. నా ఎదర మంచమే ఇచ్చినారు. 'ఒరే సన్యాసీ, డబ్బుంతే బతుకుతామనుకున్నానురా' అన్నాడు. ఆయన పోనాక ఆల్లావిడ రమణి గారేటి సేత్తందో తెలుసా?"

"తెలుసు."

"సెప్పు మరి."

"తెలుసన్నాను గదా."

"పలాసలో జీడిపప్పు ఒలుత్తంది, కూలికి. ఆ పిక్కలు ఆల్ల తోటలోయే అయుంతాయి, ఎవులికి తెలుసు? ఇంట్లో పనిమనుసులుండీవోల్లు ఆవిడకి. నువ్వూ అలాగయిపోవాలా?"

"కోటబొమ్మాలి హేమ సంగతి సెప్పవేటి మరి? అదయితే నోరు రాదు. ఆమె మొగుడు ఆటో అమ్మీసి మార్పించినాడు. బతికుంది. సంతలో గాజులమ్ముతంది. మొన్న నా సేతికి తనే గాజులేసినాది. ఇదిగో, ఇయ్యే."

"ఆటో అమ్మినోడు ఇప్పుడు ఇంకొకడి ఆటో తోలుతన్నాడు. తెచ్చిందంతా పెల్లాం మందు బిల్లలకే. ఆ బిల్లలు ఒక నెల మానితే ఏసిన కిడ్నీ పని మానీత్తాది. బతికున్నంతకాలం మింగాల. నాకు బిల్లలు ఎవులు కొంతారే, బోటు పోనాక?"

"ఆయన్ని నానడిగినాను."

"ఎవుల్ని?"

"హేమ మొగుణ్ణి. 'ఇంత కర్సయినాది గదా అన్నా, తప్పు సేసినాననిపిత్తందా' అని అడిగినాను."

"ఏటన్నాడు?"

"నవ్వినాడు. 'ఇంటికెల్లేసరికి లోపల గాజుల సప్పుడు ఇనబడతాది సెల్లీ, అది సాలు' అన్నాడు. నాకూ అంతే సాలు మావా. నువ్వు సముద్రం మీదికెల్లొద్దు. వలలాగొద్దు. సంపాదించొద్దు. గుమ్మంలో కూకుని నన్ను తిట్టు. రోజూ తిట్టు. అది సాలు నాకు."

"ఏడవకు."

"ఏడుత్తాను. ఏడవకపోతే నువ్వు ఇనవు, ఏడిసినా ఇనవు."

"నామాట ఇను. బుద్దిగా ఇను. దొరికిన సేపల్లో బోటుకో పాలొత్తాది, వలకో పాలొత్తాది. నాను మంచాన పడినా ఆ రెండు పాల్లూ ఇంటికొత్తన్నాయా, నేదా?"

"ఒత్తన్నాయి."

"మన బోటు మీది కుర్రోల్లు నమ్మకమయినోల్లు. ఒక్కరోజు కూడా నీ పాలు తగ్గించనేదు. నాను పోనాక కూడా ఒత్తాయి. నీ సేపల తట్ట నీకుంది. కుసుమ ఆ నర్సు సదువేదో సదువుతానంతంది, సదివించు. బోటుంతే మీరిద్దరూ ఎవులి గుమ్మం ముందూ నిలబడక్కరనేదు. బోటమ్మీసి నన్ను లేపినావనుకో. నాను ఎన్నాల్లుంతానో ఆ డాక్టరే సెప్పలేడు. నాను పోయి, బోటూ పోతే? అప్పుడేటి తింతారు?"

"నువ్వు పోవు."

"పోతే?"

"పోవు!"

"నూకాలూ, నువ్వు గట్టి మనిషివి. నాను నేకపోయినా నడుపుకుంతావు."

"గట్టిదాన్నని ఎవులు సెప్పినారు నీకు?"

"ఒకరు సెప్పాలేటి? తిత్లీ తుపానుకి రేకులెగిరిపోతంటే గుంటని ఒల్లో పెట్టుకుని గుంజ పట్టుకు కూకున్నావు. నాను వణికిపోనాను గానీ నువ్వు వణకనేదు. తెల్లారి సముద్రం ఇంకా ఇరుగుతంటే వల కోసం పీకల్లోతు దిగిపోనావు. నాకు తెల్దా నువ్వేటో?"

"అప్పుడు వయసులో ఉన్నాను."

"ఇప్పుడు ముసిలిదానివయిపోనావేటి? పోనీ, నీ మాటే నీది. బోటమ్ముదాము. నాకేసీ కిడ్నీ నీదే గదా? ఆపరేసను ఇద్దరికీ సెయ్యాల. ఇద్దరమూ మంచాన పడుంతే గుంటకి ముద్దెవులెడతారు? నీ తట్ట ఎవులు మోత్తారు?"

"నాది కాదు."

"ఏటి?"

"నాది కాదు. సునీలు ఇత్తాడు."

"మీ తమ్ముడా?"

"మరి ఎంతమంది సునీల్లున్నారు? ఆడే. గుజరాత్ బోటు పని మానీసి ఒచ్చినాడు అందుకే. విశాకపట్నంలో ఆడికీ పరీక్షలు సేసినారు. నీకు సరిపడ్డాయి. ఆడు ఇత్తానన్నాడు."

"అదేటే? ఆడు బోటు మీద పని సేసుకునీ మనిషి. పెల్లాం, ఇద్దరు పిల్లలు. ఆడి కిడ్నీ నానెలాగ తీసుకుంతాను? నువ్వే ఇత్తానని ఊరందరికీ సెప్పినావు గదా! అమ్మోరి గుడికాడ ముడుపు కూడా కట్టినావు. సీసాలు సీసాలు రగతం తీసినారన్నావు."

"తీసినారు."

"తీసి ఏటన్నారు?"

"పడదన్నారు."

"ఏది పడదు?"

"గ్రూపు. గ్రూపు పడదంట."

"ఎవులన్నారు?"

"డాక్టరు. కాదు, నర్సమ్మ. ఎవులో ఒకరు. ఎండెక్కిపోతంది మావా, కడిగీ. ఆల్లు లెగుత్తన్నారు."

"లెగనీ. కుసుమ పుట్టినప్పుడు నీకు రగతం పోతంటే టెక్కలి ఆసుపత్రిలో రగతం ఎవులిచ్చినారు?"

"గుర్తు నేదు."

"గుర్తు నేదా?"

"నాను తెలివిలో ఉన్నానేటి అప్పుడు?"

"నానిచ్చినాను. నా సెయ్యిలోంచి తీసి నీకెక్కించినారు. 'మీ ఇద్దరిదీ ఒకటే గ్రూపు, నీ అదృష్టం బాగుంది' అని డాక్టరమ్మ నవ్వినాది. నువ్వే ఏడాది పొడుగునా ఈ మాట ఊల్లో అందరికీ సెప్పుకు తిరిగినావు."

"అది రగతం, ఇది కిడ్నీ. రెండూ ఒకటేటి?"

"గ్రూపన్నావు గదా ఇప్పుడే."

"నాకేటి తెలుసు? నానేటి సదువుకున్నానా? ఆల్లు ఏదో అన్నారు, నాను ఏదో ఇన్నాను."

"ఏదో కాదు. ఇటు తిరుగు. నా మొగం సూసి సెప్పు."

"సెప్పినాను గదా."

"సూసి సెప్పు."

"భయమేసింది."

"ఏటి?"

"భయమేసింది మావా. కడుపు కోత్తారంతే భయమేసింది. ఇయ్యనని సెప్పీసి ఒచ్చినాను. సాలా? మొగుడికి కిడ్నీ ఇయ్యలేక తమ్ముణ్ణి ఎదరకి తోసినాను. ఎవులికీ సెప్పుకోలేక గ్రూపన్నాను. ఇప్పుడు ఇన్నావు గదా. తిట్టు. తిట్టవేటి? పోనీ కొట్టు. అలాగ సూడకు. మావా, అలాగ సూడకు నాకేసి."

"ఇలా రా."

"ఎందుకు?"

"రాయే. బోటు నీడలో కూకో. ఎండలో నిలబడినావు ఇందాకట్నించి."

"నానెండలో తట్ట మోసీ మనిషిని. నాకేటి ఎండ?"

"కూకో. నీ కాల్లేటి అలాగున్నాయి?"

"ఎలాగున్నాయి?"

"సీర కిందికి లాగకు. సూడనీ."

"సూసిందేటి నేదు. నిన్నంతా సోంపేట బజార్లో తిరిగినాను, వాసుంతాయి. నా కాల్ల మీద పడ్డావేటిప్పుడు?"

"మొన్న నా కూర తిన్నావు."

"ఏ కూర?"

"నాకొండీ సప్పటి కూర. ఉప్పులేనిది. నిన్న రాత్రి కూడా అదే కలుపుకున్నావు. సూడననుకున్నావేటి?"

"గ్యాసు అయిపోతందని రెండో కూర మానీసినాను."

"ఎండుసేప నేకపోతే ముద్ద దిగని మనిషివి నువ్వు."

"ఇంక సాలు మావా, ఈ పోలీసు పరీక్షలు! కూర గురించేటి, కాల్ల గురించేటి? పిరికిదాన్నని ఒప్పుకున్నాను. ఊరంతా సెప్పుకో. బోటు కాడ నిలబడి అరిసి సెప్పు. కడుగుతావా, కడగవా? అదొక్కటే సెప్పు నాకు."

"కడుగుతాను."

"ఏటన్నావు?"

"కడుగుతానన్నాను. సునీల్ని పిలువు."

"నిజంగా?"

"పిలవ్వే."

"తమ్ముడూ! ఒరే సునీలూ! ఇటు రారా, బేగి రా! మీ బావ కడుగుతానన్నాడురా!"

"ఒచ్చీసినాను అప్పా. ఏటి బావా, ఇంతసేపూ పాపం జానకిరాముకి టీలు తాగించీసినావు. ఆడి కడుపు సెరువయిపోనాది. రమ్మనీదా ఆల్లని?"

"ఆగు. ముందు నాకు సెప్పు. నిజంగా ఇత్తావేట్రా?"

"ఏటి?"

"నువ్వు ఇత్తానన్నది."

"అదా? ఇత్తాను బావా. ఆసుపత్రి కమిటీవోల్లు కూడా గదిలో కూకోబెట్టి అడిగినారు. నా ఇష్టంతోనే అని సెప్పినాను."

"నీ పెల్లాం ఉమ ఏటంది?"

"ఏడిసినాది. గిన్నెలిసిరికొట్టినాది. మల్లీ తనే అన్నం పెట్టినాది."

"పెట్టి?"

"పెట్టి, 'మీ అప్ప పెంచిన ఒల్లు గదా, ఆవిడకి నేదని ఎలాగంతావు' అన్నాది."

"మీ అప్ప ఇయ్యకుండా తప్పుకుందని కోపం నేదా నీకు?"

"అప్ప మీదా? అప్పకి భయమేత్తే తప్పేటి బావా? అమ్మ పోనాక నన్ను సంకనెట్టుకుని, నెత్తిన సేపల తట్టెట్టుకుని ఊరూరూ తిరిగినాది. అప్పుడు భయపడనేదు. ఇప్పుడు ఒక్కసారి భయపడితే భయపడనీ. నానున్నాను గదా."

"ఇందులో నా గోలెందుకురా. ఆయన కడుగుతానన్నాడు, కడగనీ. మావా, ఇదిగో బకెట్టు."

"ఉండవే. సునీలూ, పసుపు కడక్కముందే ఇక్కడ సెయ్యెయ్యి. బోటు మొగం మీద."

"ఎందుకు బావా?"

"ఒట్టెయ్యి. వలకి ఎల్లినోడు బోటు మొగం మీద సెయ్యేసి అన్న మాట తప్పకూడదు. తెలుసు గదా?"

"తెలుసు. ఏటనాల?"

"నా కిడ్నీ ఇత్తాను, పెల్లాం అడ్డొచ్చినా ఊరు అడ్డొచ్చినా ఎనక్కి తియ్యను."

"నా కిడ్నీ ఇత్తాను. పెల్లాం అడ్డొచ్చినా ఊరు అడ్డొచ్చినా ఎనక్కి తియ్యను. గంగమ్మ తల్లి మీద ఒట్టు. సాలా?"

"ఎప్పుడడిగినా ఇత్తానను."

"ఎప్పుడడిగినా ఏటి బావా? ఒచ్చీ నెలలోనే గదా ఆపరేసను?"

"అనరా."

"సరే, ఎప్పుడడిగినా ఇత్తాను. ఏటప్పా, బావ ఈ రోజు పంతులుగారయిపోనాడు?"

"అననీరా. ఆయన మనసు కుదుటపడాల గదా. ఇంక కడుగు మావా."

"ఇంకొక్కటి. డబ్బులు నా సేతికొద్దు. మీ అప్ప పేరున బేంకులో ఎయ్యమను జానకిరాముని. ఒకటే సారి ఎయ్యమను. నాను పోనాక ఎవుడూ ఈ రేటియ్యడు."

"అదేం మాట! పోనాక ఏటి, పోనాక? నా పేరునెందుకు?"

"నాను ఆసుపత్రి మంచం మీదుంతే ఎవులు కడతారు? నువ్వే గదా తిరగాల."

"అదీ నిజమే."

"ఆ డబ్బు ఆసుపత్రికి తప్ప దేనికీ తియ్యనని నువ్వూ సెయ్యెయ్యి."

"నానా?"

"నువ్వే. ఇంటి రేకులకీ వొద్దు, గుంట సదువుకీ వొద్దు. సదువు సంగతి ఆ అమ్మోరే సూసుకుంతాది. ఆసుపత్రికే."

"ఆసుపత్రికే మావా. ఇదిగో సెయ్యేసినాను. ఒక్క రూపాయి ఇంకో దానికి ముడితే నా సెయ్యి పడిపోనీ."

"సరే. పొయ్యి నీల్లు."

"పోత్తన్నాను."

"అమ్మా, గంగమ్మా. ఇన్నాల్లూ కాసినావు. నీ పసుపు నా సేత్తో తీత్తన్నాను. కోపగించుకోకు తల్లీ. ఇంకొంచెం పొయ్యి. ఈ మూల మిగిలిపోనాది. ఆ. సాలు."

"మావా."

"ఏడవకే. అయిపోనాది గదా."

"ఏడవను. సంతోషానికొచ్చింది. నీ కాల్లకి మొక్కుతాను."

"సునీలూ, ఆల్లని రమ్మను. తోసుకోమను."

"ఒత్తన్నారు బావా! జానకిరామన్నా, రా, అయిపోనాది! అందరూ ఒక పట్టు పట్టండి. తొయ్యండ్రా! ఇంకా తొయ్యి! అదీ, నీల్లందుకుంది!"

"ఎనక్కి సూడకు మావా. నాకేసి సూడు. బోటు పోతే పోనీ. మనిషి మిగిలినాడు నాకు."

"సూడనీయే, ఒక్కసారి. ఇంజను బాగానే మోగుతంది."

"ఇంటికెల్దాము. అన్నం తిని, మద్దేనం పలాస ఎల్లిపోదాము. రెండుసార్లు మానీసినావు, ఈ రోజయినా ఎక్కించుకో. నానూ ఒత్తాను నీతో. తమ్ముడూ, విశాకపట్నం డాక్టరుకి ఫోను సెయ్యి. డబ్బు పడుతందని సెప్పు, తారీకు అడుగు. బేగి ఇయ్యమను, ఈయన మనసు మల్లీ మారిపోకముందే."

"సేత్తన్నాను అప్పా. సిగ్నలు నేదిక్కడ, గట్టు మీదికెల్లి—"

"ఫోను లోపలెట్టు సునీలూ."

"ఎందుకు బావా?"

"ఒట్టేసినావు గదా."

"ఏసినాను. ఎనక్కి తియ్యనన్నాను గదా."

"తియ్యకు. నీ కాడ ఇయ్యడానికి ఒక్కటే ఉన్నాది. దాన్ని నాకెట్టి తగలెయ్యకు. అవసరమొచ్చీదాకా నీ ఒంట్లోనే దాసుంచు. ఆ డబ్బూ అందాకా కదపకండి."

"మావా! ఏటంతన్నావు? ఊరుకో! తమ్ముడూ, ఈయన మాటినకు, ఈయనకి ఒంట్లో నీరెక్కి మతి—"

"ఆగప్పా. ఎవులి అవసరం బావా?"

"మీ అప్ప భయపడి తప్పుకోనేదురా. ఆసుపత్రివోల్లే దాని కిడ్నీ పనికిరాదన్నారు. దానికీ నా జబ్బే."